గరగర పరిరక్షణ

నేలబావి పురపాలక సంఘానికి ఉన్నట్టుండి పాత వస్తువుల మీద ప్రేమ పుట్టింది. దానంతటది పుట్టలేదు లెండి, పుట్టించుకోవలసిందిగా పైనుంచి సర్క్యులరు వచ్చింది. రాష్ట్రంలోని ప్రతి పురపాలక సంఘమూ వారసత్వ పక్షోత్సవాలు ముగిసేలోగా తన ప్రాంగణాల్లో ఉన్న అరవై ఏళ్ళు దాటిన వస్తువులు ఇరవై అయిదింటిని గుర్తించాలి, వాటితో ఒక ప్రదర్శనశాల తెరవాలి. ఇరవై నాలుగైతే చాలవు. ఇరవై ఆరైతే ఎందుకు ఎక్కువయిందో సంజాయిషీ రాసుకోవాలి.

ఇక్కడొక చిన్న చిక్కు ఉంది. అంతకు ముందు ఏడాది పైవాళ్ళకు కొత్త వస్తువుల మీద ప్రేమ ఉండేది. ఆ ఊపులో నేలబావి వాళ్ళు గోడగడియారాలూ టేకు బీరువాలూ గంటస్తంభంలో ఉన్న గంటా అన్నీ తుక్కులో వేసేసి, ఆఫీసంతా అద్దంలా చేసుకుని కూర్చున్నారు. ఇప్పుడు పాతవి కావాలంటే ఎక్కడినుంచి తెస్తారు? అయినా వారసత్వ నోడల్ అధికారిగా నియమితుడైన శోభనాద్రి అధైర్యపడలేదు. ఆయన నిన్నమొన్నటిదాకా దోమల నివారణ చూసినవాడు. ఏ వస్తువు కనిపించినా మూత ఎత్తి లోపల నీళ్ళు నిలవున్నాయేమోనని చూసే అలవాటు ఇంకా పోలేదు. ఆ అలవాటుతోనే ఊరంతా గాలించి, కదలని రోడ్డు రోలరు, మూడు కాళ్ళ కుర్చీ, ఒక మాజీ చైర్మన్ గారి చేతికర్ర, అడుగు పోయిన రెండు మంటలార్పే బకెట్లు, ఇలా ఇరవై నాలుగు వస్తువులు పోగుచేశాడు. ఇరవై అయిదోది దొరకలేదు. పై ఆఫీసు నుంచి డైరెక్టరు గారు ప్రారంభోత్సవానికి రావడానికి ఇక పదిహేను రోజులే ఉంది.

మునిసిపల్ కాంప్లెక్సులో తొమ్మిదో గది దస్తగిరిది. నలభై ఏళ్ళుగా రేడియోలు బాగుచేస్తున్నాడు. రేడియోలు తగ్గిపోయాక ఫ్యాన్లూ మిక్సీలూ కూడా చూస్తున్నాడు గానీ, వాటిని బాగుచేసేటప్పుడు అతని ముఖంలో ఆ వెలుగు ఉండదు. పని విషయంలో అతనికి రెండు పట్టింపులున్నాయి. బాగున్నదాన్ని చెడిపోయిందని ఎవరికీ చెప్పడు, చెడగొట్టడు. నమ్మి అప్పగించిన సెట్టు మళ్ళీ వాళ్ళ చేతికి చేరేదాకా అతనికి అన్నం సయించదు.

ఆ వారం అతని బల్ల మీదికి సువర్చల టీచరు రేడియో వచ్చింది. ఆమె ఆడపిల్లల హైస్కూల్లో హిందీ చెప్పి రిటైరయింది. డెబ్బై ఎనిమిదేళ్ళు. ఆమె తండ్రి కొన్న వాల్వు రేడియో అది, చెక్కపెట్టె, లోపల పచ్చగా వెలిగే కన్ను. మూడు వారాలుగా ఒకటే గరగరమంటోందనీ, మనిషి మాట కూడా తెలియడం లేదనీ, దుప్పట్లో చుట్టి ఆటోలో తెచ్చి ఇచ్చిపోయింది.

గరగరకు అనుమానితులు చాలామంది ఉంటారు. దస్తగిరి ఒక్కొక్కరినే పిలిచి విచారించాడు. వాల్వులు తీసి తుడిచి పెట్టాడు, వాటి తప్పు లేదు. ఏరియల్ తీగ మార్చి చూశాడు, దాని తప్పూ లేదు. టీచరమ్మ ఇంట్లో ఎర్తు తీగ ఎక్కడ కట్టి ఉందో గుర్తు తెచ్చుకున్నాడు. కుళాయి గొట్టానికి. ఆ ఇనప గొట్టం తీసి ఈమధ్యనే ప్లాస్టిక్ గొట్టం వేశారని ఆమే చెప్పింది. సరే, ఇంటి దగ్గర గరగరకు కారణం దొరికింది, ఎర్తు పోయింది. మరి ఇక్కడ తన కొట్లో మంచి ఎర్తు ఉండగా ఎందుకు అరుస్తోంది? అటూ ఇటూ చూసి, తలెత్తి, గోడ మీద ట్యూబులైటు ఆర్పాడు. గరగర ఠక్కున ఆగిపోయింది. సన్నాయి వినిపించింది, ఎదురుగా కూర్చుని వాయిస్తున్నట్టు.

విద్యుత్ పొదుపు పథకం కింద పురపాలక సంఘమే మూడు నెలల కిందట గదికొకటి బిగించిన కొత్తరకం ఎల్‌ఈడీ ట్యూబు అది. వెలుగుతో పాటు చప్పుడు కూడా పుట్టిస్తుంది. మనిషి చెవికి అందదు, రేడియోకి అందుతుంది. సెట్టులో ఏ లోపమూ లేదు. దస్తగిరికి పరమానందమయింది. "ఎర్తు రిపేరు ఇంటి దగ్గర" అని చీటీ రాసి రేడియోకు అంటిద్దామని మళ్ళీ లైటు వేశాడు. రేడియో గరగరమంది. సరిగ్గా అప్పుడు శోభనాద్రి గడపలో నిలబడి ఉన్నాడు.

"ఈ వస్తువు ఏమిటి?" అన్నాడు వెనక మూత ఎత్తి చూస్తూ.

"రేడియో అండయ్యా. టీచరమ్మగారిది."

"వయస్సు?"

దస్తగిరి నోరు అక్కడ జారింది. "వాళ్ళ నాన్నగారు యాభై ఎనిమిదిలో కొన్నారంటండీ," అన్నాడు గొప్పగా.

శోభనాద్రి రిజిస్టరు తెరిచాడు. "నియమావళి నాలుగు ప్రకారం, పురపాలక ప్రాంగణంలో అరవై ఏళ్ళు దాటిన చర వస్తువు కనిపించినచో అది వారసత్వ వస్తువుగా గుర్తించబడును. వస్తువు పేరు, రేడియో. వయస్సు, పందొమ్మిది వందల యాభై ఎనిమిది. ప్రత్యేక లక్షణం..." చెవి దగ్గర పెట్టి విన్నాడు. "గరగర."

"అది లక్షణం కాదండయ్యా. లైటు వల్ల వచ్చేది."

"గుర్తించిన నాటి స్థితియే వస్తువు యొక్క స్థితి. నియమావళి ఏడు."

"ఇది రిపేరుకొచ్చిన సెట్టండీ. నాది కూడా కాదు. వేరేవాళ్ళది."

శోభనాద్రి ఫారం అటూ ఇటూ తిప్పి చూశాడు. "యజమాని అనే కాలమ్ ఇందులో లేదు," అన్నాడు నెమ్మదిగానే. రేడియో మీద ఇరవై అయిదు అని అంకె అంటించి, ఇద్దరు మనుషుల చేత మోయించుకుపోయాడు.

మర్నాడు పొద్దున సువర్చల టీచరు వచ్చింది. దస్తగిరి జరిగిందంతా తల వంచుకునే చెప్పాడు.

ఆమె కాసేపు నమ్మలేదు. "మునిసిపాలిటీ వాళ్ళు ఎత్తుకుపోయారా? మా వీధిలో చెత్తే ఎత్తుకుపోరు గదయ్యా వాళ్ళు."

"తప్పు నాదే టీచరమ్మా. ఏ సంవత్సరమో చెప్పకుండా ఉండాల్సింది."

"నిజం చెప్పడం తప్పెట్టా అవుతుంది?" అని ఆమే అతన్ని వెంటబెట్టుకుని కమిషనరు దగ్గరికి బయల్దేరింది.

కమిషనరు విమలాకర్ మర్యాదస్తుడు. ఎవరినీ కాదనడు, అలాగని ఏదీ ఇవ్వడు. ఆమెను కూర్చోబెట్టి, నీళ్ళు తెప్పించి, "అమ్మా, మీ రేడియో ఇంతకాలం మీ ఒక్కరిది. ఇకనుంచి అది మనందరిది," అన్నాడు.

"మనందరిలో నేనూ ఉన్నానుగా బాబూ. ఇంటికి తీసుకుపోతా."

"అందరిదీ అయినదాన్ని ఏ ఒక్కరూ తీసుకుపోరాదమ్మా. అది సమష్టి సొత్తు."

"నాకు చూపు ఆనదు. ఆ సెట్టు నాబ్ మీద లక్క చుక్క పెట్టుకున్నా. వేలికి ఆ చుక్క తగిలిన చోట ఆపితే స్టేషను వస్తుంది. ఇంకో సెట్టు ఇస్తే నేనేం చేసుకోను? ఇంట్లో నాతో మాట్లాడేది అదొక్కటే."

కమిషనరు ముఖం నిజంగానే బాధగా పెట్టాడు. "లక్క చుక్క విషయం రిజిస్టరులో నమోదైనదా?" అని శోభనాద్రిని అడిగాడు. కాలేదంటే, అదనపు విశేషంగా నమోదు చెయ్యమన్నాడు. ఆమె వచ్చినందుకు రేడియో వారసత్వం ఇంకొంచెం గట్టిపడింది.

దస్తగిరి తన దగ్గరున్న చిన్న ట్రాన్సిస్టరు ఒకటి ఆమెకిచ్చి పంపాడు. రెండో రోజే తిరిగి తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఇది నన్ను ఊరంతా తిప్పుతోంది గానీ ఇంటికి చేర్చడం లేదయ్యా," అంది. అప్పట్నుంచి రోజూ పొద్దున్నే వచ్చి కొట్టు ముందు నిలబడి, "ఏమన్నా తెలిసిందా నాయనా?" అని అడిగి పోయేది. కోపంగా అడిగినా బావుండేది. ఆమె నెమ్మదిగా అడుగుతుంటే దస్తగిరికి తల ఎత్తబుద్ధయ్యేది కాదు.

ఇలా ఉండగా ప్రదర్శనశాలలో ప్రమాదం సంభవించింది. రేడియో పాటలు పాడింది.

పార్కులో వాడకం మానేసిన పంపుహౌసుకే సున్నం కొట్టి ప్రదర్శనశాల అని పేరు పెట్టారు. అందులో ఇంకా లైట్లు బిగించలేదు, ఒక ప్లగ్గుల బోర్డు మాత్రం ఉంది. ఎర్తు తీగను ఎవరో పాత పంపు గొట్టానికి చుట్టారు. ఆ గొట్టం భూమిలోకి వంద అడుగులు దిగి ఉంది. అంతకంటే మంచి ఎర్తు ఆ జిల్లాలో లేదు. శోభనాద్రి తన ఇరవై అయిదో వస్తువును ప్లగ్గులో పెట్టి, గరగర కోసం చెవి ఒగ్గి కూర్చున్నాడు. వాల్వులు వేడెక్కాయి. పచ్చ కన్ను వెలిగింది. తరువాత వీణ మీద కల్యాణి రాగం మొదలైంది. ఎక్కడా ఒక్క మచ్చ లేదు. వీణ తీగ మీద వేలు జారడం కూడా వినిపిస్తోంది.

శోభనాద్రి ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టాడు, అదే కల్యాణి. ప్రత్యేక లక్షణం మాయమైన వస్తువును డైరెక్టరు గారికి ఎలా చూపిస్తాడు? ఆ సాయంత్రానికల్లా దస్తగిరికి నోటీసు వచ్చింది.

"ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, క్రమసంఖ్య ఇరవై అయిదు గల వారసత్వ వస్తువు తమ అధీనములో ఉన్న కాలమున గరగర కలిగియుండి, తదుపరి సదరు గరగరను కోల్పోయినది. ఇట్టి వారసత్వ లక్షణ హననమునకు తమరు బాధ్యులు కారని రుజువు చేసుకొనవలెను. మూడు దినములలో గరగరను పునరుద్ధరించనియెడల తొమ్మిదవ నంబరు గది ఖాళీ చేయించబడును."

దస్తగిరి నోటీసు రెండుసార్లు చదువుకున్నాడు. బాగున్న సెట్టును పాడుచేశాడని నలభై ఏళ్ళలో ఎవరూ అతన్ని అనలేదు. పాడుగా ఉన్నదాన్ని బాగుచేశాడని నేరం మోపడం దేశంలోనే మొదటిసారి అయివుంటుంది.

కమిషనరు ఊరికే కూర్చోలేదు. గరగర పునరుద్ధరణ ఉపసంఘం వేశాడు. శోభనాద్రి కన్వీనరు. యంత్రాలు తెలుసు గనక మునిసిపల్ ఇంజనీరు ఒక సభ్యుడు. ఊళ్ళో చప్పుళ్ళ మీద ఫిర్యాదులన్నీ తనకే వస్తాయి గనక శానిటరీ ఇన్‌స్పెక్టరు ఇంకో సభ్యుడు. దస్తగిరి ప్రత్యేక ఆహ్వానితుడు, మాట్లాడే హక్కు లేదు. వస్తువును తాకరాదు, మర తిప్పరాదు, మేకు ఊడదీయరాదు. చుట్టూ ఏమైనా చెయ్యవచ్చు.

మొదట ఆఫీసు క్యాంటీన్ నుంచి మిక్సీ తెచ్చి పక్కన పెట్టి తిప్పారు. రేడియోలోంచి చప్పుడు వచ్చింది. ఇంజనీరు ముఖం వికసించింది.

"ఇది బర్రుమంటోంది," అన్నాడు శానిటరీ ఇన్‌స్పెక్టరు, కళ్ళు మూసుకుని విని. "రిజిస్టరులో గరగర అని ఉంది."

"బర్రుకీ గరగరకీ అంత తేడా ఏముంది?"

"ఉంది సార్. గరగర అనగా విడివిడిగా వచ్చునది. బర్రు అనగా కలిసికట్టుగా వచ్చునది. నా సర్వీసులో ఎన్ని ఫిర్యాదులు చూశాను."

మినిట్సులో "బర్రు వచ్చినది, గరగర రాలేదు" అని రాశారు. తరువాత రోడ్డు మీద గేటు అతుకుతున్న వెల్డింగ్ మిషను తెప్పించారు. చిటపట వచ్చింది, అదీ తిరస్కరించారు. ఇంజనీరు సొంత స్కూటరు లోపలికి తెచ్చి స్టార్టు చేశాడు. టకటక అంది. చివరికి శోభనాద్రి తాను ప్రాణప్రదంగా చూసుకునే దోమల పొగ యంత్రాన్ని దింపించాడు. గది నిండా పొగ కమ్మి సభ్యులు ఒకరికొకరు కనబడక గోడలు తడుముకుంటూ బయటపడ్డారు. లోపల రేడియో మాత్రం నిక్షేపంగా కీర్తన పాడుతూనే ఉంది.

బయట బెంచీ మీద సువర్చల టీచరు కూర్చుని ఉంది. ఉపసంఘం ప్రయత్నాలు మొదలైనప్పటి నుంచి ఆమె రోజూ ఇక్కడికే వస్తోంది. కిటికీలోంచి వినిపించినంత వింటోంది. నడకకు వచ్చిన నలుగురు కూడా ఆగి వినసాగారు. "ఎంత శుభ్రంగా వస్తోందో," అని ఎవరో అన్న మాట శోభనాద్రి చెవిన పడి ములుకులా గుచ్చుకుంది. ఆ మధ్యాహ్నమే ఉత్తర్వు వెలువడింది. వారసత్వ వస్తువును అనధికారికంగా వినడం నిషేధం. కిటికీ మూసేశారు. ఆమె మూసిన కిటికీ వంక చూస్తూ కాసేపు కూర్చుని, చేతికర్ర తడుముకుని లేచి వెళ్ళిపోయింది.

మూడో రోజు ఇక గడువు లేదు. గది పోతే దస్తగిరికి వేరే బతుకు తెలియదు. తన కొట్లోని ట్యూబు ఊడదీసి, చంకన పెట్టుకుని పంపుహౌసుకు పోయి, ప్లగ్గుకు తగిలించాడు. వెలిగిన మరుక్షణం రేడియో గరగరమంది. అసలైన గరగర, రిజిస్టరులోది.

శానిటరీ ఇన్‌స్పెక్టరు కళ్ళు మూసుకుని విని, తల ఊపాడు. శోభనాద్రి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంజనీరు దస్తగిరి చెయ్యి పట్టుకుని ఊపాడు. కమిషనరు స్వయంగా వచ్చి, తొమ్మిదో గది మీద చర్య ఉపసంహరించుకుంటున్నట్టు అక్కడికక్కడే ప్రకటించాడు.

దస్తగిరి బయటికి వచ్చేసరికి గేటు దగ్గర టీచరమ్మ నిలబడి ఉంది. మూసిన కిటికీలోంచి కూడా గరగర వినబడుతోంది.

"నీ గది నీకు దక్కిందంటగా. మంచిదే నాయనా," అంది ఆమె. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే సంతోషించి అంది.

ఆ మాటతో దస్తగిరికి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. గది నిలబెట్టుకున్నాడు సరే. ఇరవై అయిదో వస్తువు ఇప్పుడు సలక్షణంగా ఉంది. ఇంక ఈ జన్మలో ఆమెకు తిరిగి రాదు. నమ్మి అప్పగించిన సెట్టును తన చేతులతోనే వాళ్ళకు అప్పజెప్పి వచ్చాడు. ఇంటికి పోయి అన్నం ముందు కూర్చుని చెయ్యి కడుక్కుని లేచాడు.

ఆలోచిస్తే అతనికి ఒకటి తట్టింది. ఇన్నాళ్ళూ తాను వాళ్ళతో రేడియో గురించి మాట్లాడుతున్నాడు. వాళ్ళకు రేడియోతో పని లేదు, రిజిస్టరుతో పని. సెట్టులో లోపం వెతికినట్టే రిజిస్టరులో లోపం వెతకాలి.

పొద్దున్నే తన చిన్న ట్రాన్సిస్టరు పట్టుకుని కమిషనరు గదికి పోయాడు. శోభనాద్రి కూడా అక్కడే ఉన్నాడు. ట్యూబు తెప్పించి వెలిగించమని బతిమాలాడు. ట్రాన్సిస్టరు దాని దగ్గర పెట్టాడు. గరగర. దూరం జరిపాడు, గరగర లేదు.

"ఏమిటి నీ భావం?" అన్నాడు కమిషనరు.

"ఒక్క డౌటండయ్యా. పైనుంచి పెద్దసారు వస్తారు. పెద్దసారన్నాక, ఆ లైటు ఆర్పి చూపించండి అనొచ్చు. ఆర్పితే గరగర పోద్ది. గరగర రేడియో లక్షణమైతే లైటు ఆరితే ఎట్టా పోద్ది అని ఆయన అడిగితే, రిజిస్టరు రాసినవాళ్ళు ఏం చెప్పాల్నో నాకు తెలవట్లేదు."

రిజిస్టరు రాసినవాడు నుదురు తుడుచుకున్నాడు.

"అనగా గరగర ట్యూబులైటు యొక్క లక్షణము," అన్నాడు కమిషనరు.

"ఏ రేడియో పెట్టినా అదే వస్తదండీ. లైటు తీస్తే ఏ రేడియోలోనూ రాదు."

"అయితే మనం పొరపాటున వస్తువును గుర్తించాము, లక్షణము గల వస్తువును గుర్తించలేదు."

"సార్," అన్నాడు శోభనాద్రి, "ట్యూబు వయస్సు మూడు నెలలు. అరవై ఏళ్ళుండాలి."

కమిషనరు రిజిస్టరు ముందుకు లాక్కున్నాడు. ఇలాంటి సమయాల్లోనే ఆయన ప్రతిభ బయటపడుతుంది. "వయస్సు కాలమ్‌కు పై ఆఫీసు వారి ఆమోదం వచ్చేసింది. ఆమోదం పొందినదాన్ని మార్చే అధికారం మనకు లేదు. ప్రత్యేక లక్షణం కూడా ఆమోదం పొందింది. వస్తువు పేరు మాత్రం మన స్థాయిలో సవరించుకోవచ్చు." రేడియో అన్న మాట కొట్టేసి, పైన ట్యూబులైటు అని రాసి, పొట్టి సంతకం పెట్టాడు. పక్క కాలమ్‌లో పందొమ్మిది వందల యాభై ఎనిమిది అలాగే ఉంది.

దస్తగిరి బల్ల దగ్గరికి జరిగాడు. "మరి రేడియో అండీ?"

"ఏ రేడియో?" అన్నాడు కమిషనరు. "రిజిస్టరులో రేడియో ఏదీ లేదే. నమోదు కాని వస్తువు ప్రదర్శనశాలలో ఉండడం నియమవిరుద్ధం. ఇరవై నాలుగు గంటల్లో తొలగించని పక్షంలో నీ మీద చర్య తీసుకోవలసి వస్తుంది."

అంత తియ్యని బెదిరింపు దస్తగిరి జన్మలో వినలేదు. ఆటో కోసం కూడా ఆగలేదు. రేడియోను దుప్పట్లో చుట్టుకుని నడిచే టీచరమ్మ ఇంటికి మోసుకుపోయాడు. ఆమె చెక్కపెట్టె నాలుగు వైపులా చేత్తో తడిమి, "తిన్నావా నాయనా?" అని అడిగింది. దస్తగిరి ఆ పూట కడుపునిండా తిన్నాడు.

ఆ సాయంత్రం శోభనాద్రి పరుగులాంటి నడకతో కొట్టుకు వచ్చాడు.

"ట్యూబు ఒంటరిగా గరగర అనడం లేదయ్యా," అన్నాడు రొప్పుతూ. "వినిపించాలంటే రేడియో కావాలేమో?"

"గరగర అందులోనే ఉందండయ్యా. యాడికీ పోలా," అన్నాడు దస్తగిరి. అందులో అబద్ధమేమీ లేదు. "వారసత్వ వస్తువును వాడొచ్చా అండీ అసలు?"

శోభనాద్రి ముఖం తేటపడింది. "వాడితే స్థితి మారును. వాడరాదు. నియమావళి ఏడు," అని గొణుక్కుంటూ, బోర్డు రాయించడానికి వెళ్ళాడు.

మర్నాడు ప్రారంభోత్సవం. దస్తగిరికి ఆహ్వానం వచ్చింది గానీ పోలేదు. ఇనప కడ్డీ ఒకటీ, బొగ్గులూ, ఉప్పూ తీసుకుని టీచరమ్మ పెరట్లో గొయ్యి తవ్వుతున్నాడు. కడ్డీ దిగ్గొట్టి, బొగ్గూ ఉప్పూ నింపి, నీళ్ళు పోసి, తీగను కిటికీలోంచి లోపలికి లాగాడు. రేడియో వెనక తగిలించేసరికి మధ్యాహ్నమయింది. సెట్టు గలగలా మాట్లాడింది. సువర్చల టీచరు కుర్చీలో వెనక్కి వాలి, పాటకు వేళ్ళతో తాళం వేస్తూ కూర్చుంది. ఆ ముఖం చూస్తూ దస్తగిరి చాలా రోజుల తరువాత హాయిగా టీ తాగాడు.

ఇంతలో ప్రాంతీయ వార్తలు వచ్చాయి. అక్షరం అక్షరం విడివిడిగా, స్పష్టంగా.

"నేలబావి పట్టణంలో వారసత్వ ప్రదర్శనశాలను డైరెక్టరు ఈ ఉదయం ప్రారంభించారు. పందొమ్మిది వందల యాభై ఎనిమిది నాటి ఎల్‌ఈడీ ట్యూబులైటు ప్రదర్శనలో ప్రత్యేక ఆకర్షణగా నిలిచింది. ఒక్కసారి కూడా వాడకుండా దానిని భద్రపరచిన పురపాలక సంఘాన్ని ఆయన అభినందించారు. ప్రపంచానికి తెలియకముందే విద్యుత్ పొదుపు పాటించిన మన పూర్వీకుల ముందుచూపు గర్వకారణమని అన్నారు. రాష్ట్రంలోని మిగిలిన పురపాలక సంఘాలు కూడా నెలాఖరులోగా ఇటువంటి ప్రాచీన ట్యూబులైట్లు పదేసి చొప్పున గుర్తించాలని ఆదేశించారు."

టీచరమ్మ వేళ్ళు తాళం మానేశాయి.

"దస్తగిరీ," అంది.

"చెప్పండి టీచరమ్మా."

"ఇంత తేటగా వినబడుతోంది, నీ చెయ్యి చల్లగుండ. మిగతావన్నీ ఇట్టాగే రానీ. వార్తలప్పుడు మటుకు కాస్త గరగర వచ్చేట్టు ఏమన్నా చెయ్యగలవా?"

నలభై ఏళ్ళ సర్వీసులో దస్తగిరి బాగున్న సెట్టును చెడగొట్టి ఎరగడు. గ్లాసు కింద పెట్టి లేచాడు. రేడియో వెనక చెయ్యి పెట్టి, అంత కష్టపడి బిగించిన ఎర్తు తీగను పీకాడు. వార్తలు చదివేవారి గొంతు గరగరలో మునిగిపోయింది. తీగ కొస చేత్తో పట్టుకుని, వార్తలు అయ్యేదాకా అలాగే నిలబడి, పాటలు మొదలవగానే మళ్ళీ తగిలించాడు.